టొలెడో గరుడపక్షి

(సంఘంవారి ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ప్రతి యేడూ ఈ వేదిక మీద పంచాంగ శ్రవణమైన పిమ్మట ఎవరో ఒక పెద్దమనిషి కావ్యాన్ని గురించో పురాణాన్ని గురించో ముచ్చటించటం మన ఆనవాయితీ. ఈ మారు కార్యదర్శిగారి చూపు మా మీద పడినది. మేము మెట్రిక్ వరకే చదివి, గూడ్సు ఆఫీసులో రసీదులు వ్రాసుకొంటూ కాలక్షేపం చేసేవాళ్ళము. కావ్యాల జోలి మాకెందుకని ఎంతో చెప్పి చూచినాము. "ఉదయం పిల్లలకు నిదానపు సైకిలు పందెం పెట్టించినది మీరే కదండీ, ఆ సైకిలు గురించే నాలుగు మాటలు చెప్పండి" అన్నారాయన. అట్లా చిక్కినాము.

అయితే మేము చెప్పబోయేది చదును నేల మీద తొక్కే సైకిలు కాదు, కొండ ఎక్కే సైకిలు.

మనలో ముంబయి వెళ్ళి రానివారు ఉండరు. తిరిగి వచ్చేటప్పుడు కర్జత్ స్టేషనులో చాల బండ్లకు వెనుకవైపున మరికొన్ని ఇంజన్లు తగిలిస్తారు. వాటిని బ్యాంకర్లంటారు. ముందు ఇంజను లాగుతూ, వెనుక ఇంజన్లు నెడుతూ ఉంటేగాని బండి లోణావళా చేరదు. ఆ భోర్ ఘాటు ఏటవాలు 37 అడుగులకు 1 అడుగు. అంటే 37 అడుగులు ముందుకు సాగితే ఒక్క అడుగు పైకి లేస్తుందన్నమాట. రైలుకు అదే మహా కష్టం. మేము ఈనాడు చెప్పబోయే మనిషి, వెనుక నెట్టేవాడెవడూ లేకుండ, తన రెండు కాళ్ళతో ఇంచుమించు 8 అడుగులకు 1 అడుగు లేచే దారులను ఎక్కినవాడు. అంతకంటె చిత్రమేమంటే, ఎక్కటానికి ఏనాడూ జంకనివాడు దిగటానికి భయపడినాడు. ఘాటు సెక్షనులో పనిచేసిన డ్రైవరు నెవరినైనా అడగండి, ఇందులో నవ్వవలసినదేమీ లేదంటాడు. ఎక్కే బండి శక్తి చాలకపోతే ఆగిపోతుంది, అంతే. దిగే బండి పట్టు తప్పితే దాన్ని పట్టుకోవటానికి ప్రక్కన క్యాచ్ సైడింగులు కట్టవలసి వచ్చినది.

ఆయన పేరు ఫెదెరికో మార్తిన్ బహమోంతెస్. దేశం స్పెయిను. ఈ పేరు మేము మొదట విన్నది 2023 ఆగస్టులో. మా ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసికొన్న మహారాష్ట్ర పెద్దమనిషి ఒకరున్నారు. వయసులో ఉండగా ముంబయి - పుణే సైకిలు పందెంలో తొక్కినవారు. ఆ పందెంలో ఘాటును అందరికంటె ముందు ఎక్కినవాడిని 'ఘాటాంచా రాజా' అంటారు, అంటే ఘాట్లకు రాజని. మన పెద్దమనిషికి ఆ బిరుదు ఎన్నడూ రాలేదు. ఖండాలా దగ్గర కాళ్ళు కొయ్యబారిపోయేవట. ఒక సాయంకాలం టీ దుకాణం దగ్గర కనిపించి, "మా రాజు పోయాడయ్యా" అన్నారు. ఎవరో సంస్థానాధీశుడు గతించినాడేమో ననుకొని మేము విచారం వెలిబుచ్చినాము. పోయినవాడు ఈ బహమోంతెస్. 95 ఏళ్ళ వయసులో, ఆగస్టు 8వ తేదీన పోయినాడు. ఆనాడు రెండు టీలు త్రాగేదాకా ఆయన చెప్పిన కథ విని, తరువాత దొరికినదల్లా చదివి, ఈనాడు మీ ముందు నిలబడినాము.

బహమోంతెస్ 1928 జూలై 9వ తేదీన టొలెడో నగరం దాపున ఒక పల్లెలో పుట్టినాడు. టొలెడో చాల పాత పట్టణం. రాతి గుట్ట మీద కట్టినది. మూడు వైపుల తాహో నది చుట్టుకొని ఉంటుంది. ఏ వస్తువు కావాలన్నా గుట్ట ఎక్కించవలసినదే. తండ్రి రోడ్డు మరమ్మతు కూలీ. పిల్లవానికి 8 ఏళ్ళప్పుడు, 1936లో, స్పెయినులో అంతర్యుద్ధం వచ్చినది. ఆ కుటుంబం ఊరు విడిచి మాడ్రిడ్ నగరానికి కాందిశీకులుగా పోయినది. 1939లో యుద్ధం ఆగినదిగాని తిండి రాలేదు. ఆ దేశంలో రేషను 1952 వరకు సాగినదంటే ఊహించుకోండి. పిల్లుల్ని కూడ వండుకొని తిన్నామని ఆయన తరువాతి కాలంలో దాచకుండ చెప్పినాడు.

ఆ రోజులలో ఈ కుర్రవాడు టొలెడో బజారులో మూటలు మోసినాడు, తోపుడు బండి నెట్టినాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఒక పాత సైకిలు కొన్నాడు. షికారుకు కాదు. చుట్టుప్రక్కల పల్లెలకు పోయి రొట్టె, పిండి, పప్పుధాన్యాలు దొంగచాటుగా కొని, సైకిలు మీద వేసికొని, పోలీసుల కంట పడకుండ పట్టణం చేర్చి అమ్మటానికి. బ్లాకు మార్కెట్టని మనమిప్పుడు తేలికగా అనేస్తాము. ఇంట్లో ఆకలిగొన్న నోళ్ళున్నవాడికి ఆ మాటకు అర్థం వేరు. బరువు వేసికొని మిట్టలెక్కటం అలవాటైన కాళ్ళకు, బరువు లేకుండ ఎక్కమంటే ఎట్లా ఉంటుంది? 1947లో మొదటిసారి పందెంలో దిగినప్పుడు ఆ సంగతి అతనికే తెలిసివచ్చినది.

ఇక్కడ సైకిలు పందెం మర్మం ఒకటి చెప్పాలి. చదును నేల మీద పందెగానికి అసలు శత్రువు గాలి. ముందువాని వెనుక నక్కి తొక్కితే గాలి తగలదు, శ్రమ చాల తగ్గుతుంది. అందుకే అందరూ గుంపుగా పోతారు. కొండ దారిలో వేగం తగ్గుతుంది గనుక ఈ నక్కటం వల్ల లాభం తక్కువ. అక్కడ శత్రువు తన ఒంటి బరువే. బక్కపలుచని దేహం, దిట్టమైన గుండె, ఊపిరి ఉన్నవానిదే అక్కడ పైచేయి. బహమోంతెస్ సన్నని మనిషి, కాళ్ళు పొడుగు. ఎక్కేటప్పుడు హ్యాండిలు పై భాగం పట్టుకొని నిటారుగా కూర్చుండేవాడు. సమంగా తొక్కటం ఎరుగడు. ఉన్నట్టుండి నాలుగు తోపులు తోసి ముందుకు దూకేవాడు, మళ్ళీ తగ్గేవాడు, వెనుకవాడు దగ్గరికి రాగానే మళ్ళీ దూకేవాడు. వెంట పడినవాని ఊపిరి తెగేది ఆ దూకుళ్ళకే.

1954లో అతడు ఫ్రాన్సు దేశపు మహా పందేనికి, అంటే టూర్ ద ఫ్రాన్స్‌కు, మొదటిసారి వెళ్ళినాడు. అది 1903లో మొదలైన పందెం. సుమారు మూడు వారాలు, రోజుకొక మజిలీ. అన్ని మజిలీల కాలమూ కూడితే ఎవరిది తక్కువో వాడే విజేత. ప్రతి దినం ఆ లెక్కలో ముందున్నవానికి పసుపుపచ్చని చొక్కా తొడుగుతారు. ఇది గాక కొండల లెక్క వేరే ఉన్నది. పెద్ద కనుమల శిఖరాన్ని ముందుగా దాటినవారికి పాయింట్లు వేసి, చివరకు ఎక్కువ వచ్చినవానిని కొండల రాజు అంటారు. ఇప్పుడు ఆ రాజుకు ఎర్ర చుక్కల చొక్కా ఉన్నది. అది 1975లో వచ్చినది. బహమోంతెస్ కాలంలో పేరే తప్ప చొక్కా లేదు.

ఆ మొదటి యేడే కొండల రాజైనాడు. అంతకంటె ఎక్కువగా లోకం గుర్తు పెట్టుకొన్నది వేరొకటి. గ్రెనోబుల్ పట్టణానికి పోయే దారిలో రొమెయేర్ అనే కనుమ ఉన్నది. దాని శిఖరానికి అందరికంటె ముందు చేరినాడు. చేరి, సైకిలు దిగి, అక్కడ అమ్ముతున్నవాని దగ్గర ఐస్ క్రీము తీసికొని తింటూ నిలబడినాడు! వెనుకవారంతా ఆయాసపడుతూ వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. చూచినవారు గర్వమన్నారు. ఒంటరిగా దిగటానికి భయపడి గుంపు కోసం ఆగినాడని కొందరన్నారు. తన చక్రం ఊచలు విరిగినవనీ, సామాను తెచ్చే కారు వచ్చేవరకు ఊరికే నిలబడటమెందుకని తిన్నాననీ ఆయన అన్నాడు.

ఊచల మాట నిజమే కావచ్చు. కాని దిగుడు భయమూ అబద్ధం కాదు. తొలినాళ్ళలో ఒక పందెంలో కొండ దిగుతూ అదుపు తప్పి ముళ్ళజెముడు పొదలో పడినాడట. ఒళ్ళంతా ముళ్ళు దిగిన మనిషికి ఆ తరువాత ప్రతి దిగుడూ ఆ పొదలోకే దారి తీస్తున్నట్టు తోచటంలో వింతేమున్నది? మేము కూడ ఒకమారు సింహగడ్ నుండి సైకిలు మీద దిగుతూ, రెండు బ్రేకులూ బిగబట్టి, చివరకు దిగి నడిపించుకొంటూ వచ్చినాము. ఇంట్లో మాత్రం తొక్కినామనే చెప్పినాము. మా ఇంటివారు ఈ సభలోనే ఉన్నారు గనుక ఇప్పుడు నిజం ఒప్పుకొంటున్నాము.

భయం ఒక్కటే అయితే ఈ కథ చెప్పేవాళ్ళం కాము. ఆయనకు శిఖరం చాలు. మొదట ఎక్కినాడా, పేరు వచ్చినదా, డబ్బు వచ్చినదా, అక్కడితో పని అయిపోయినది. మిగిలిన దారి ఎవరిదైతే నేమి? అందుచేత గొప్ప కాళ్ళుండీ మొత్తం పందెం గెలవాలనే తలంపు లేకుండ నాలుగయిదేళ్ళు గడిపినాడు. 1956లో నాలుగవవాడుగా వచ్చినాడు. 1957లో ఒకనాడు దారి మధ్యలో దిగి, గట్టు మీద కూర్చుండి, ఇక తొక్కనన్నాడు. తోడివారు బ్రతిమాలినారు. భార్య పేరు చెప్పినారు, దేశం పేరు చెప్పినారు. ఎక్కడ బలవంతంగా సైకిలెక్కిస్తారో నని కాళ్ళ బూట్లు ఊడదీసినాడు. మొండిఘటం.

ఇది చదివినప్పుడు మేము నవ్వుకొని, తరువాత కొంచెం సేపు ఊరకున్నాము. మేమూ మెట్రిక్ మొదటి తరగతిలో ప్యాసై, రైల్వే పరీక్ష మొదటి మారే దాటి, ఆ పైన డిపార్టుమెంటు పరీక్షకు రెండుసార్లు ఫీజు కట్టి హాజరు కానివాళ్ళము. ఊచలు విరిగినవనే మేమూ అందరికీ చెప్పినాము.

ఇట్లాంటి మనిషిని మార్చినది ఇటలీ దేశస్థుడు ఫౌస్తో కొప్పి. కొప్పి ఫ్రాన్సు పందేన్ని 1949లోను, 1952లోను గెలిచిన మహావీరుడు. 1959లో బహమోంతెస్ కొప్పి పేరు గల జట్టులో చేరినాడు. నీవు కొండల లెక్క మాని మొత్తం పందేనికి తొక్కు, గెలుస్తావని కొప్పి నచ్చచెప్పినాడు. తనకంటె గొప్పవాడు చెప్పినాడు గనుక విన్నాడో, 30 ఏళ్ళు దాటినవి గనుక విన్నాడో, మొత్తానికి విన్నాడు.

ఆ 1959 పందెం సంగతి కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. మొత్తం 4,358 కిలోమీటర్లు, 22 మజిలీలు. బయలుదేరినవారు 120 మంది, చివరకు చేరినవారు 65 మంది. ఆ రోజులలో కంపెనీ జట్లు కాదు, దేశాల జట్లు పోటీ పడేవి. స్పెయిను జట్టుకు పెద్ద లంగారికా. ఫ్రెంచి జట్టులో మహామహులు: అంకెతీల్, రివియేర్, బోబె. ఒక ఒరలో అన్ని కత్తులు! వీరు గాక ఆంగ్లాద్ అనే మరొక ఫ్రెంచివాడు ప్రాంతీయ జట్టు తరపున తొక్కుతున్నాడు.

జూలై 10వ తేదీన ప్వీ ద దోమ్ అనే ఆరిపోయిన అగ్నిపర్వతం మీదికి ఒక్కొక్కరినే గడియారం పెట్టి ఎక్కించినారు. దూరం పన్నెండున్నర కిలోమీటర్లు. మేము మొదట చెప్పిన 8కి 1 ఏటవాలు ఆ కొండ చివరి కిలోమీటర్లదే. ఇందులో నక్కటానికి ఎవరి వీపూ ఉండదు. బహమోంతెస్ 36 నిమిషాల 15 సెకండ్లలో ఎక్కినాడు. ఆ కాలపు మరొక గొప్ప కొండవీరుడు, లక్సెంబర్గ్ దేశస్థుడు షార్లీ గోల్, రెండవవాడు; అతనికంటె 1 నిమిషం 26 సెకండ్లు ఎక్కువ పట్టినది. దానితో బహమోంతెస్ మొత్తం లెక్కలో కొద్ది సెకండ్ల తేడాతో రెండవ స్థానానికి వచ్చినాడు.

కొన్ని రోజులకు మళ్ళీ గ్రెనోబుల్ మజిలీ వచ్చినది. అయిదేళ్ళ క్రితం ఐస్ క్రీము తింటూ నిలబడినది ఈ పట్టణానికి పోయే దారిలోనే గదా. ఈ మారు ఆగలేదు. గోల్‌తో కలిసి అందరినీ వెనుక వదిలి కొండలు దాటినాడు, దిగినాడు కూడ. ఆనాటి మజిలీ గోల్‌కు దక్కినది. పసుపు చొక్కా బహమోంతెస్‌కు దక్కినది.

మరునాడు ఆల్ప్స్ పర్వతాలలో గాలిబియే, ఇజెరాన్ మొదలైన ఎత్తయిన కనుమలు. ఇజెరాన్ 2,700 మీటర్లకు పైమాటే. బోబె, మూడుసార్లు ఈ పందెం గెలిచినవాడు, ఆ శిఖరం దాకా ఎక్కి అక్కడ సైకిలు దిగిపోయినాడు. మళ్ళీ ఆ పందెం తొక్కలేదు. ఆనాడే దిగుడులో మన బహమోంతెస్ పాత భయం పైకి వచ్చి వెనుకబడినాడు. అప్పుడు అంకెతీల్, రివియేర్ గట్టిగా తొక్కి ఉంటే పసుపు చొక్కా జారిపోయేదే. వారు తొక్కలేదు. కారణం? వారు తొక్కితే లాభం ఆంగ్లాద్‌కు. తోటి ఫ్రెంచివాడు గెలవటం కంటె పరదేశి గెలవటమే వారికి నయమనిపించినది! పందెగాళ్ళకు బయట పందేలు కుదిర్చే దళారీలుండేవారు. ఆంగ్లాద్ దళారీ వేరు, వీరి దళారీ వేరు. మన సంఘాలలో ఎన్నికలు చూచినవారికి ఇంతకంటె వివరం అక్కరలేదు. (ఈ సంఘం మాట కాదు, కార్యదర్శిగారు క్షమించాలి.)

జూలై 18వ తేదీన పారిస్‌లో పందెం ముగిసినది. బహమోంతెస్ మొదటివాడు, 4 నిమిషాల 1 సెకండు వెనుక ఆంగ్లాద్, మూడవవాడు అంకెతీల్. స్పెయినుకు ఆ పందెంలో అదే తొలి విజయం. కొండల రాజు బిరుదూ ఆ యేడు అతనిదే. ఫ్రెంచి జనం తమ అంకెతీల్‌నే ఈలలు వేసి గేలి చేసినారు. అంకెతీల్ గట్టివాడు, తరువాత కొన్న పడవకు ఆ ఈలల పేరే పెట్టుకొన్నాడు.

ఆ తేదీలో మరొక ముడి ఉన్నది. జూలై 18 అంటే 1936లో అంతర్యుద్ధానికి దారి తీసిన ఫ్రాంకో తిరుగుబాటును అప్పటి స్పెయిను ప్రభుత్వం పండుగ చేసికొనే రోజు. ఆ విజయాన్ని ప్రభుత్వం తన నెత్తిన పెట్టుకొని ఊరేగినది. అదే సమయంలో దక్షిణ ఫ్రాన్సులో వేలాది స్పెయిను వారున్నారు. 1939లో ఆ ఫ్రాంకోకు ఓడి సరిహద్దు దాటినవారు, పిల్లలను అక్కడి బళ్ళలో వేసి అక్కడి భాష నేర్పించుకొన్నవారు. వారికి ఆ ప్రభుత్వం గిట్టదు. కాని గెలిచినవాడు తమ ఊరి కూలీ కొడుకు, తమతోపాటు ఆకలి చూచినవాడు. గుడీ పడ్వా, ఉగాది ఒక్కనాడే చేసికొంటూ, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మనకు వారి చప్పట్లలోని తికమక కొంత తెలుస్తుంది.

కొప్పి ఈ విజయం చూచిన ఆరు నెలల లోపే, 1960 జనవరి 2వ తేదీన, ఆఫ్రికాలో పట్టుకొన్న మలేరియాతో పోయినాడు. వయసు 40 ఏళ్ళు. అంతటి గుండెకాయ గల మనిషి దోమకాటుకు పోవటం చూడండి.

బహమోంతెస్ మళ్ళీ మొత్తం పందెం గెలవలేదు. 1963లో చాల దగ్గరికి వచ్చినాడు. ఆల్ప్స్‌లో పసుపు చొక్కా కూడ తొడిగినాడు. మరునాడు ఫోర్‌క్లాజ్ కనుమ దగ్గర అంకెతీల్ సైకిలు చెడినదని కేక వేసినాడు. చెడితేగాని సైకిలు మార్చకూడదని నియమం. మెకానిక్కు పరుగెత్తి వచ్చి గేరు తీగను తానే కత్తిరించి, తెగిపోయినదని చూపించినాడు! తేలిక సైకిలు మీద కొండ ఎక్కి, శిఖరం దాటినాక మళ్ళీ బరువు సైకిలు మీద దిగి, షామొనీలో బహమోంతెస్‌ను దాటి అంకెతీల్ ఆ మజిలీ గెలిచినాడు. పందెమంతా ముగిసేసరికి తేడా 3 నిమిషాల 35 సెకండ్లు. మా పెద్దమనిషి ఈ ఘట్టం చెప్పేటప్పుడు టీ గ్లాసు బల్ల మీద కొట్టినంత పని చేసినారు, అరవై ఏళ్ళ నాటి సంగతి అయినా సరే.

1964లో, 36 ఏళ్ళ వయసులో, మూడవవాడుగా వచ్చి ఆరవసారి కొండల రాజైనాడు: 1954, 1958, 1959, 1962, 1963, 1964. ఇటలీ పందెంలో ఒకసారి, స్పెయిను పందెంలో రెండుసార్లు కూడ ఆ బిరుదు దక్కినది. మూడు దేశాలలోను కొండల రాజనిపించుకొన్న మొదటివాడు ఆయనే. 1965లో పిరనీస్ కొండలలో పందెం విడిచినాడు. ఆ యేడుతోనే వృత్తి కూడ విడిచినాడు. తరువాత బెల్జియం దేశపు వాన్ ఇంప్ 1983లో ఆరవ బిరుదు సంపాదించి, బహమోంతెస్ మీది గౌరవంతో ఏడవదానికి ప్రయత్నించలేదంటారు. 2004లో ఫ్రెంచివాడు విరాంక్ ఏడవది తీసికొన్నాడు. అయినా 2013లో నూరవ పందెం సందర్భాన ఫ్రెంచి క్రీడా పత్రిక ఏర్పరచిన పెద్దలు, ఆ పందెంలో పుట్టిన కొండవీరులందరిలో మేటి ఎవరంటే బహమోంతెస్ పేరే చెప్పినారు.

పందేలు మానినాక ఆయన టొలెడోలోనే సైకిళ్ళ, మోటారు సైకిళ్ళ దుకాణం నడిపినాడు. కుర్రవాళ్ళ కోసం ఆ జిల్లాలో ఏటేటా ఒక పందెం జరిపించినాడు. ముసలితనంలో ఎవరు వచ్చి అడిగినా అదే ఐస్ క్రీము సంగతి అడిగేవారు. ఆయనా విసుగు లేకుండ ఊచల సంగతే చెప్పేవాడు.

2018లో టొలెడోలో ఆయన విగ్రహం పెట్టినారు. ఫొటో చూచినాము. సైకిలు మీద, వంగి, ఎక్కుతూ ఉన్నాడు.

పిల్లల పందెం బహుమతులు అధ్యక్షులవారి బల్ల మీద సిద్ధంగా ఉన్నవి. డిపార్టుమెంటు పరీక్ష దరఖాస్తు మా జేబులో ఉన్నది; ఈ నెలాఖరు గడువు.